సాయంత్రానికి వాలిపోయే రెప్పలు

పొద్దున్నే లేచినప్పుడు మనిషి చలాకీగానే వుంటుంది. వాకిలి చిమ్ముతుంది, ముగ్గు పెడుతుంది, నీళ్లు తోడుతుంది. పన్నెండయ్యేసరికి నడక నెమ్మదిస్తుంది. బట్టలు ఆరేయడానికి చేతులు పైకెత్తితే నిమిషంలో వాటంతటవే కిందికి దిగిపోతాయి. దీపాలు పెట్టే వేళకి కనురెప్పలు సగం మూసుకుపోతాయి. రాత్రి భోజనంలో నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ ఆగిపోతుంది, చేత్తో పట్టుకుని నమలాలి. మాట ముక్కులోంచి వస్తుంది. మర్నాడు పొద్దున్నకి మళ్లీ అంతా మామూలే!

ఇటువంటి మనిషి మీ ఇంట్లో వుంటే మీరేమంటారు? నిజం చెప్పండి. "పని తప్పించుకోవడానికి వేషాలు" అంటారు. "పొద్దున లేని జబ్బు సాయంత్రానికి ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా?" అని అడుగుతారు. మేమూ అదే అన్నాం. ఆ మనిషి మా అక్కయ్య.

ఇది 1981 నాటి మాట. అక్కయ్యకప్పుడు ఇరవయ్యారేళ్లు. రేపల్లెలో కాపురం. బావగారు తాలూకాఫీసులో గుమాస్తా. అత్తగారు చెడ్డావిడ కాదు. మొదట్లో ఆవిడే కోడలికి పాలూ పళ్లూ తెచ్చిపెట్టింది, బలానికి టానిక్కులు తాగించింది. ఆర్నెల్లు చూసి విసిగిపోయింది. ఎవరో గాలి సోకిందంటే తాయెత్తు కట్టించారు. అదీ పనిచెయ్యకపోతే మెడిసిన్ చదువుతున్న తమ్ముణ్ణి పిలిపించారు. అంటే నన్ను.

రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి రేపల్లెలో దిగాను. కాఫీ తాగి, ఎనిమిది గంటలకి అక్కయ్యని కూచోబెట్టి పరీక్ష చేశాను. కొత్తగా కొన్న చిన్న సుత్తితో మోకాళ్లు కొట్టి చూశాను. పిడికిలి బిగించమన్నాను, చేతులు నెట్టమన్నాను. అన్నీ సలక్షణంగా వున్నాయి. పుస్తకం చదివిన పొగరు కదా! బావగారిని పక్కకి పిలిచి, "ఒంట్లో ఏమీ లేదు బావగారూ. మనసులో ఏదో దిగులు వుంది. దీన్ని హిస్టీరియా అంటారు" అని తేల్చేశాను.

ఆ మాట అక్కయ్య చెవిన పడింది. నేను బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "ఒరే తమ్ముడూ, నాకు బద్ధకం కాదురా. చెయ్యెత్తమని నేను చెబుతూనే వున్నాను. చెయ్యి నా మాట వినిపించుకోవడం లేదు" అంది.

అంతకన్నా సరిగ్గా ఆ జబ్బుని ఏ ప్రొఫెసరూ చెప్పలేడని నాకు తెలియడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

కార్తీకమాసంలో అక్కయ్యకి జ్వరం, దగ్గు వచ్చాయి. ఊళ్లో డాక్టరుగారు స్ట్రెప్టోమైసిన్ కలిసిన ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అందరూ ఇచ్చే మందే, ఆయన తప్పేమీ లేదు. అసలు జబ్బేమిటో ఎవరికీ తెలియకపోతే ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది? మూడో రోజు సాయంత్రానికి అక్కయ్య ఉమ్మి మింగలేకపోయింది. పడుకుంటే ఊపిరాడడం లేదు. టాక్సీలో వేసుకుని జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నేను వెళ్లేసరికి రాత్రి తొమ్మిదయింది.

పెద్ద ప్రొఫెసరుగారు వచ్చారు. సుత్తి జోలికి పోలేదు. అక్కయ్య ముఖం వంక ఒక్క నిమిషం చూశారు. "ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమ్మా" అన్నారు. ఏడు దగ్గర గొంతు ఆగిపోయింది. నర్సు చేత రెండు ఇంజెక్షన్లు తెప్పించి ఇచ్చి, గడియారం చూసుకుంటూ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూచున్నారు. పావుగంట దాటింది. అక్కయ్య ఎడమ రెప్ప మెల్లిగా పైకి లేచింది. తర్వాత కుడిది. ఎన్నో నెలల తర్వాత రాత్రి పూట ఆవిడ కళ్లు నిండుగా తెరుచుకోవడం చూశాను. "మంచినీళ్లు" అంది, స్పష్టంగా.

నేను తలొంచుకుని జరిగినదంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "పొద్దున్న చూస్తే ఈ జబ్బు కనపడదయ్యా. సాయంత్రం చూడాలి" అన్నారు.

జబ్బు పేరు మయస్థీనియా గ్రావిస్. నోరు తిరగని పేరే. హిందీ నటుడు అమితాబ్ బచ్చన్‌కి 1980ల మధ్యలో ఇదే జబ్బు వచ్చిందని పత్రికల్లో వచ్చినప్పుడు చాలామంది మొదటిసారి ఈ పేరు విన్నారు. ఇది అరుదైన జబ్బే. కానీ ఎక్కువమందికి తెలియకపోవడం వల్ల, వున్నవాళ్లకి కూడా ఏళ్ల తరబడి పేరు పెట్టకుండా గడిచిపోతుంది. అందుకే ఈ వారం దీని గురించి రాస్తున్నాను.

నరం చెబుతుంది, కండరం వింటుంది

చెయ్యెత్తాలని మీరు అనుకున్నారు. మెదడు నుంచి ఆ కబురు నరం వెంట విద్యుత్తు రూపంలో పరుగెత్తుకొస్తుంది. అయితే నరం కొస కండరాన్ని తాకదు. మధ్యలో చిన్న సందు వుంటుంది. మిల్లీమీటరులో ఇరవై వేలవ వంతు వుంటుంది దాని వెడల్పు. విద్యుత్తు ఆ సందుని దాటలేదు. అప్పుడు నరం కొస ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని సందులోకి వదులుతుంది. దాన్ని కూడా ధారగా పొయ్యదు, పొట్లాలు కట్టి విసురుతుంది. ఒక్కో పొట్లంలో కొన్నివేల అణువులు. ఈ పొట్లాల సంగతి లండనులో పనిచేసిన బెర్నార్డ్ కాట్జ్ 1950లలో కనిపెట్టాడు. ఆయనకి 1970లో నోబెల్ బహుమతి వచ్చింది.

కండరం మీద, సరిగ్గా నరం ఎదురుగా, ఆ రసాయనం కోసం కాచుకుని వుండే నిర్మాణాలు వుంటాయి. వాటిని రిసెప్టర్లంటారు. అంటే కబురు అందుకునేవి. ఇక్కడున్న రిసెప్టరు విశేషం ఏమిటంటే, అది కబురు అందుకోవడమే కాదు, తనే ఒక తలుపు కూడా. అయిదు ముక్కలు గుండ్రంగా చేరి నిలబడతాయి, మధ్యలో సన్నని దారి వుంటుంది. రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులు వచ్చి అంటుకుంటే ఆ దారి తెరుచుకుంటుంది. ఉప్పులో వుండే సోడియం, విద్యుదావేశంతో వున్న కణాలుగా, లోపలికి దూసుకొస్తుంది. అటువంటి కణాలనే అయాన్లు అంటారు, ఆ దారిని అయాన్ ఛానెలు అంటారు. తలుపు తెరిచి వుండేది సెకనులో వెయ్యోవంతు కాలమే. ఆ కాస్సేపట్లోనే ఒక్కో తలుపులోంచి పదివేలకు పైగా అయాన్లు దాటిపోతాయి. అటువంటి తలుపులు లక్షల్లో ఒక్కసారి తెరుచుకుంటే కండరం ముడుచుకుంటుంది, మీ చెయ్యి లేస్తుంది.

ఒక్క తలుపు తెరుచుకోవడం ఎవరైనా చూడగలరా అని మీకు సందేహం రావచ్చు. కంటితో చూడలేరు గాని కొలవగలిగారు. 1976లో జర్మనీలోని గాటింగెన్‌లో ఎర్విన్ నేహర్, బెర్ట్ సక్‌మన్ అనే ఇద్దరు, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని మొన వున్న గాజు గొట్టాన్ని కప్ప కండరం మీద ఆనించి, ఒకే ఒక్క తలుపులోంచి పోయే విద్యుత్తుని కొలిచారు. తలుపు తెరుచుకుంటే గీత ఒక్కసారి మారింది. మూసుకుంటే మళ్లీ మొదటి చోటికి వచ్చింది. 1991లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

కబురు అందాక ఎసిటైల్‌కోలిన్ అక్కడే వుండిపోతే కండరం వదులవదు. అందుకని ఆ సందులోనే ఒక ఎంజైము కాపలా వుంటుంది. వచ్చిన రసాయనాన్ని వచ్చినట్టే ముక్కలు చేసి ఊడ్చేస్తుంది. ఈ ఊడ్చే ఎంజైముని గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీనితో పని వుంది.

మా అక్కయ్యకి నరం బాగానే వుంది. పొట్లాలు సరిగ్గానే పడుతున్నాయి. కండరం కూడా మంచిదే. పోయినవి రిసెప్టర్లు. ఆరోగ్యంగా వున్నవాళ్లకి అవి కావలసిన దానికన్నా చాలా ఎక్కువ వుంటాయి. నరం ఒకే పనికి మళ్లీ మళ్లీ కబురు పంపుతుంటే పొట్లాలు కొద్దికొద్దిగా తగ్గడం అందరికీ సహజమే. రిసెప్టర్లు పుష్కలంగా వున్న మనకి ఆ తగ్గుదల తెలియదు. అవి తరిగిపోయిన వాళ్లకి మొదటి కబురు అందుతుంది, పదోది అందదు. విశ్రాంతి తీసుకుంటే మళ్లీ అందుతుంది. పొద్దున్న బాగుండి సాయంత్రం వాలిపోవడంలో రహస్యం ఇదే.

విషం చెప్పిన పాఠం

ఈ రిసెప్టరు కథలో విచిత్రం ఏమిటంటే, దాన్ని మనకి చూపించినవి విషాలు. దక్షిణ అమెరికా అడవుల్లో బాణాలకి పూసే కురారే అనే విషం వుంది. అది ఎక్కిన జంతువు కదలలేక, ఊపిరి తీయలేక చనిపోతుంది. ఆ విషం నరాన్నీ చంపడం లేదు, కండరాన్నీ చంపడం లేదు, రెండూ కలిసే చోట పనిచేస్తోందని ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ 1850లలో కప్పల మీద చూపించాడు. 1905లో కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ, కండరం మీద కబురు అందుకునే పదార్థం ఏదో వుండి తీరాలని వాదించాడు. చూసినవాళ్లు లేరు, ఊహ మాత్రమే.

1934లో లండను దగ్గర గ్రెనిచ్‌లోని సెయింట్ ఆల్ఫేజ్ ఆసుపత్రిలో మేరీ వాకర్ అనే డాక్టరు పనిచేసేది. పెద్ద పదవి ఏమీ కాదు. ఆవిడ వార్డులో యాభయ్యారేళ్ల మయస్థీనియా రోగి వుంది. ఈ జబ్బు లక్షణాలు కురారే ఎక్కినట్టే వుంటాయని ఒక నరాల డాక్టరు అన్న మాట మేరీ వాకర్ మనసులో నాటుకుంది. కురారేకి విరుగుడుగా ఫైసోస్టిగ్మైన్ అనే మందు అప్పటికే తెలుసు. అదే ఈవిడకి ఇస్తే? ఇచ్చింది. వాలిపోయిన రెప్ప లేచింది, చేతులకి బలం వచ్చింది, మింగడం సులువైంది. కొన్ని గంటలే వుందనుకోండి, అయినా అంతవరకూ ఈ జబ్బుకి ఇంత బాగా పనిచేసే మందు లేదు కదా! మరుసటి ఏడాదే ఆవిడ దానికన్నా మెరుగైన ప్రోస్టిగ్మిన్‌ని కూడా వాడి చూపించింది. 1981లో ఆ రాత్రి మా అక్కయ్య రెప్పని పైకి లేపిన ఇంజెక్షను అదే మందు. ఇందాక చెప్పిన ఊడ్చే ఎంజైముని అది కాస్సేపు ఆపుతుంది. ఊడ్చడం ఆలస్యమైతే ఎసిటైల్‌కోలిన్ సందులో ఎక్కువసేపు నిలుస్తుంది, మిగిలిన కొద్ది రిసెప్టర్లకే మళ్లీ మళ్లీ తగులుతుంది.

మందు దొరికింది గాని జబ్బు ఎందుకొస్తుందో తెలియలేదు. దానికి ఒక పాము కావలసి వచ్చింది.

1963లో తైవానులో చాంగ్, లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అక్కడి కట్లపాము విషంలోంచి ఒక పదార్థాన్ని విడదీశారు. అది కండరం మీది రిసెప్టరుని పట్టుకుంటే ఇక వదలదు. వేరే దేన్నీ అంతగా పట్టుకోదు. అంటే రిసెప్టర్లని వెతికి లెక్కపెట్టడానికి సరిగ్గా సరిపోయే గుర్తు దొరికిందన్న మాట. దాని పేరు ఆల్ఫా బంగారోటాక్సిన్.

పేరు ఎక్కడో విన్నట్టుందా? వినే వుంటారు. అది మన మాటే! ఈస్టిండియా కంపెనీ కొలువులో 1780లలో విశాఖపట్నంలో వున్న పాట్రిక్ రస్సెల్ అనే దొర మన పాముల్ని పట్టించి, బొమ్మలు వేయించి, ఇక్కడివాళ్లు పిలిచే పేర్లతో సహా 1796లో పుస్తకం అచ్చువేశాడు. పసుపు పట్టీలున్న ఒక పాముకి మనవాళ్లు చెప్పిన పేరు బంగారు పాము. దాన్ని పట్టుకుని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ 1803లో కట్లపాముల జాతి మొత్తానికీ బంగారస్ అని పేరు పెట్టాడు. అలా మన బంగారం తైవాను దాకా పోయి, ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ చేరింది.

ఆ విషం సాయంతో శాస్త్రజ్ఞులు అమెజాన్ నదిలోని విద్యుత్ చేప నుంచి రిసెప్టర్లని శుద్ధిగా బయటికి తీశారు. ఆ చేప విద్యుత్తు పుట్టించే అవయవంలో ఇవి కుప్పలుగా వుంటాయి. కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో జిమ్ పాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రామ్ అనే ఇద్దరు, రిసెప్టరు మీద పరిశోధనకి దాన్ని అంటుకునే యాంటీబాడీలు కావాలని, ఆ శుద్ధి చేసిన పదార్థాన్ని కుందేళ్లకి ఎక్కించారు. రెండో ఇంజెక్షను తర్వాత కుందేళ్లు వడలిపోయి కాళ్లు చాచి పడిపోయాయి. ప్రోస్టిగ్మిన్ జాతి మందు ఇస్తే లేచాయి! 1973లో ఈ సంగతి అచ్చయింది. కుందేలు ఒంట్లో తయారైన యాంటీబాడీలు చేప రిసెప్టర్లనే కాక కుందేలు సొంత రిసెప్టర్లని కూడా నాశనం చేశాయి. అదే సంవత్సరం బాల్టిమోర్‌లో ఫాంబ్రో, డ్రాక్‌మన్, సత్యమూర్తి అనే ముగ్గురు, బంగారోటాక్సిన్‌తోనే రోగుల కండరాల్లో రిసెప్టర్లని లెక్కపెట్టారు. వుండవలసిన వాటిలో మూడో వంతు కూడా లేవు.

అప్పటికి ముడి విడిపోయింది. సూక్ష్మక్రిముల మీద పోరాడవలసిన మన రక్షణ వ్యవస్థ, పొరపాటున సొంత రిసెప్టర్ల మీద పడుతుంది. ఒంటినిండా బలహీనత వున్నవాళ్లలో నూటికి దాదాపు 85 మంది రక్తంలో ఈ యాంటీబాడీలు దొరుకుతాయి. మిగిలినవాళ్లలో కొందరికి మస్క్ అనే మరో ప్రోటీను మీద యాంటీబాడీలు వుంటాయని 2001లో తెలిసింది. ఇప్పుడు దీనికి రక్తపరీక్ష వుంది.

1981లో ఆ గుమ్మంలో నిలబడి అక్కయ్య అన్న మాట గుర్తుందా? చెయ్యి నా మాట వినడం లేదు అంది. అక్షరాలా అదే జరుగుతోంది. నేను మనసులో వెతికాను. జబ్బు ఆ సన్నని సందులో వుంది.

మీరు గమనించవలసినవి

అలసట అందరికీ వుంటుంది. రక్తం తక్కువైనా, థైరాయిడు తగ్గినా, నిద్ర చాలకపోయినా, నిజంగా దిగులున్నా నీరసం వస్తుంది. ఈ జబ్బులో నీరసం వేరు. రెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనపడడం, నమిలేకొద్దీ దవడ అలిసిపోవడం, మింగుతుంటే నీళ్లు ముక్కులోకి రావడం, మాట్లాడేకొద్దీ గొంతు ముక్కుపోవడం, జడ వేసుకుంటుంటే చేతులు దిగిపోవడం. వాడేకొద్దీ ఎక్కువవుతుంది, విశ్రాంతితో తగ్గుతుంది. నొప్పి వుండదు, తిమ్మిరి వుండదు. నలభై లోపు ఆడవాళ్లలో, అరవై దాటిన మగవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

అనుమానముంటే, తల కదపకుండా ఒక నిమిషం పాటు పైకప్పు వైపు చూస్తూ వుండమనండి. రెప్పలు క్రమంగా జారిపోతే డాక్టరుకి చూపించండి. వాలిన రెప్ప మీద రెండు నిమిషాలు ఐసు ముక్కల సంచి పెడితే రెప్ప లేవడం కూడా ఒక గుర్తు. చల్లదనానికి ఊడ్చే ఎంజైము మందగిస్తుంది. ఇవన్నీ అనుమానానికే, నిర్ధారణ మాత్రం నరాల డాక్టరు చెయ్యాలి. వీలైతే సాయంత్రం తీసుకెళ్లండి. లేదా సాయంత్రం తీసిన ఫోటో పట్టుకెళ్లండి.

ఉన్నట్టుండి మూతి ఒక పక్కకి పోయినా, ఒక కాలూ చెయ్యీ పడిపోయినా అది పక్షవాతం. రెప్పల పరీక్షలు చేస్తూ కూచోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మీరు అడగబోయే ప్రశ్నలు

ఇది అంటుకుంటుందా? అంటుకోదు. వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కూడా కాదు.

పెళ్లి చేసుకోవచ్చా? పిల్లల్ని కనవచ్చా? చేసుకోవచ్చు, కనవచ్చు. డాక్టరుకి ముందే చెప్పి కనాలి. కొందరు పిల్లలకి తల్లి యాంటీబాడీలు మాయలోంచి దాటి, పుట్టిన మొదటి రోజుల్లో పాలు చప్పరించలేకపోతారు. కొన్ని వారాల్లో ఆ యాంటీబాడీలు పోగానే బాగుపడతారు. 1985లో పుట్టిన మా మేనల్లుడు మూడు వారాలు చెంచాతో పాలు తాగాడు. ఇప్పుడు వాడు కేకేస్తే వీధి చివరికి వినపడుతుంది.

మందులేమిటి? పిరిడోస్టిగ్మిన్ మాత్రలు ఊడ్చే ఎంజైముని ఆపుతాయి. భోజనానికి ముప్పావుగంట ముందు వేసుకుంటే నమలడం, మింగడం సులువవుతుంది. ప్రెడ్నిసలోన్ వంటివి యాంటీబాడీల జోరు తగ్గిస్తాయి. వీటిని మీ అంతట మీరు ఆపెయ్యకూడదు, ప్రమాదం. రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి వుంటుంది. దాన్ని తీసేస్తే చాలామందికి మేలు చేస్తుందని 2016లో ప్రచురించిన పరీక్ష నిరూపించింది. కొందరికి ఆ గ్రంథిలో గడ్డ వుంటుంది, అటువంటివాళ్లకి ఆపరేషను తప్పనిసరి. యాంటీబాడీలని నేరుగా తగ్గించే ఎఫ్‌గార్టిజిమోడ్ వంటి కొత్త మందులకి 2021 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది. అవి ఖరీదైనవి.

మాత్ర బాగా పనిచేస్తోంది కదా, ఇంకో రెండు వేసుకుంటే? ఈ పని ఎన్నడూ చెయ్యకండి. పురుగుల మందు తెలుసు కదా? చేలల్లో కొట్టే మందుల్లో ఒక పెద్ద జాతి సరిగ్గా ఇదే ఎంజైముని ఆపి పురుగుని చంపుతుంది. మాత్ర కాస్సేపు మృదువుగా ఆపుతుంది, పురుగుమందు మొండిగా పట్టుకుని కూచుంటుంది. మాత్రలు మోతాదు మించితే చొంగ, చెమట, విరేచనాలు, కండరాల అదురు మొదలై, చివరికి బలహీనత తగ్గడానికి బదులు పెరుగుతుంది. పొలంలో మందు కొట్టి వచ్చినవాడికి చొంగ కారుతూ, కంటిపాపలు సూదిమొనల్లా చిన్నవై, ఆయాసం వస్తుంటే బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఏ మందులతో జాగ్రత్త? స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్లు, సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మాత్రలు, మలేరియాకి వాడే క్వినైన్, మెగ్నీషియం ఇంజెక్షను, రక్తపోటుకి వాడే కొన్ని మాత్రలు ఈ జబ్బుని పెచ్చుమీరుస్తాయి. జబ్బు పేరు, వాడుతున్న మందులు ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకోండి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా ఆ కార్డు చూపించండి. ఆ రోజు మా అక్కయ్య దగ్గర అటువంటి కార్డు వుంటే ఆ మూడు ఇంజెక్షన్లు పడేవి కావు.

ప్రమాదం ఎలా తెలుస్తుంది? మింగలేకపోయినా, వెల్లకిలా పడుకోలేకపోయినా, ఒక్క ఊపిరిలో ఇరవై దాకా లెక్కపెట్టలేకపోయినా తెల్లవారేదాకా చూద్దామనుకోకండి. ఆ రాత్రే ఆసుపత్రి.

ఇక పాము మాట

కట్లపాము కథ చెప్పి, కాటు సంగతి చెప్పకుండా వదలడం తప్పు. మన ఊళ్లలో వుండే కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లని కాటేస్తుంది. చీమ కుట్టినంత నొప్పి కూడా వుండకపోవచ్చు, వాపు వుండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వస్తూ, మింగలేకపోతుంటే అజీర్తి అనుకుని సోడా తాగించకండి. పాముకాటు కావచ్చు. ఆ విషం రిసెప్టర్లని మూసెయ్యడమే కాక నరం కొసల్ని కూడా పాడుచేస్తుంది.

కోయడం, పీల్చడం, తాడు బిగించడం, మంత్రం వేయించడం, ఇవేవీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి, విషం విరుగుడు ఇంజెక్షను, ఊపిరి ఆడించే యంత్రం వున్న ఆసుపత్రికి చేర్చండి. ఇంకో ముఖ్యమైన మాట. రెప్ప కదలక, పెదవి కదలక, చచ్చిపోయినట్టు పడివున్న మనిషి లోపల మెలకువగా వుండవచ్చు. మీ ఏడుపు, మీ మాటలు అన్నీ వినవచ్చు. యంత్రం మీద కొన్ని రోజులు వుంచితే లేచి కూచున్నవాళ్లు ఎందరో వున్నారు. ఆశ వదలకండి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవడం అన్నిటికన్నా చవకైన మందు.

చివరిగా

మా అక్కయ్యకి 1983లో మద్రాసులో థైమస్ ఆపరేషను చేయించాం. ఇప్పుడు ఆవిడకి డెబ్బై దాటాయి. రోజుకి రెండు మాత్రలతో నడిచిపోతోంది. పెద్దపని పొద్దున్నే ముగించుకుంటుంది, మధ్యాహ్నం గంట పడుకుంటుంది. అత్తగారి చివరి రోజుల్లో ఆవిడకి స్నానం చేయించిందీ, అన్నం తినిపించిందీ ఆ చేతులే. "నిన్ను పనిదొంగవన్నానే" అని ఆ పెద్దావిడ కంట తడిపెట్టుకుంటే, "తమ్ముడు డాక్టరయి వుండి వాడికే తెలియలేదు, మీకెలా తెలుస్తుంది అత్తయ్యా" అందట.

ఆ మాట ఆవిడ నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే వుంటుంది. అందుకే నా దగ్గరికి వచ్చి, పొద్దున్న బాగుండి సాయంత్రానికి చేతకావడం లేదని ఎవరు చెప్పినా, "మళ్లీ సాయంత్రం ఆరింటికి రండి" అంటాను. చాలామందికి ఏమీ వుండదు. నిశ్చింతగా వెళ్లిపోతారు. ఎప్పుడో ఒకరికి రెప్ప వాలుతుంది.

మీ ఇంట్లోనూ ఎవరైనా "నా ఒళ్లు నా మాట వినడం లేదు" అంటే, ముందు మీరు వాళ్ల మాట వినండి. వేషాలని అనేముందు ఒక్క సాయంత్రం పక్కన కూచుని చూడండి.